రెండు తెడ్లు, ఒకే జాకెట్

మంగళవారం ఉదయం పదకొండు ఇరవైకి శవం కనిపించింది.

నల్లమల అభయారణ్యంలో, కృష్ణా నది వెనుక జలాల్లో, మామూలు మనుషులు అడుగు పెట్టకూడని చోట. నీళ్ల మధ్య ఓ రాతి దిబ్బ. దాని మీద వెల్లకిలా పడి ఉన్న మగ మనిషి. గస్తీ బోటు వాళ్లు పైన తిరుగుతున్న గద్దల్ని చూసి అటు మళ్లారు.

పావుగంటలో శంషాబాద్ పోలీస్ స్టేషన్లో ఫోన్ మోగింది. ఎత్తింది ఎస్సై డోర్కాస్.

"జేబులో డ్రైవింగ్ లైసెన్స్ ఉంది మేడమ్. పేరు మల్లేశ్వర్. మీ ఏరియానే."

డోర్కాస్ తలతిప్పి బయటికి చూసింది. తలుపులోంచి వరండా కనిపిస్తోంది. అక్కడ బెంచీ మీద ఓ మనిషి కూర్చుని ఉంది. మల్లేశ్వర్ భార్య సంతోషి. భర్త ఇంటికి రాలేదని శనివారం సాయంత్రం కంప్లైంట్ ఇచ్చింది. నిన్న పొద్దుటి నుంచీ ఆ బెంచీని వదల్లేదు. ఫోన్ మోగినప్పుడల్లా తలెత్తి చూస్తుంది. ఇప్పుడూ చూసింది.

పన్నెండేళ్ల సర్వీసులో డోర్కాస్ చాలా శవాలు చూసింది. శవాలకు ఆమె భయపడదు. ఇలా తలెత్తి చూసే ముఖాలంటేనే ఆమెకు వణుకు.

లేచి వెళ్లి సంతోషి పక్కన కూర్చుంది. డోర్కాస్ చెప్పాల్సింది చెప్పింది.

* * *

"తేలిపోయింది కదండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆయనది కోస్తా. మాట మర్యాదగా ఉంటుంది, ఫైలు మూసే తొందర కూడా అంతే మర్యాదగా ఉంటుంది. "చేపల పిచ్చితో ఒక్కడే అడవిలోకి వెళ్లాడు. పడవ తిరగబడింది. పోయాడు. పోస్ట్‌మార్టమ్ అవగానే మూసేద్దాం."

"ఒక్కడే పోయిండని ఎట్ల చెప్తం సార్?"

"అతని ఫోన్ శుక్రవారం పొద్దున అడవి అంచున ఆగిపోయిందని ఇవాళే తెలిసింది. బైకు ఒడ్డున పొదల్లో దొరికింది. ఇంకెవరి జాడా లేదు. రెండో మనిషిని మీరు ఊహించుకుంటే తప్ప లేడు."

మల్లేశ్వర్ ఎయిర్‌పోర్టులో క్యాబ్ నడుపుతాడు. రావిర్యాల వైపు ఓ చిన్న ఊళ్లో ఇల్లు. గాలం పట్టుకుంటే అన్నం అక్కర్లేని మనిషి. చుట్టుపక్కల చెరువులు ఒక్కొక్కటీ వెంచర్ల కింద పోయాక అతని కళ్లు అడవి మీద పడ్డాయి. అక్కడ చేపలు పట్టడం నేరం. ఆ సంగతి అతనికి తెలుసు.

సంతోషిని ఇంటి దగ్గర దింపుతూ జీపులోనే అడిగింది డోర్కాస్.

"ఎవరితోని పోతుండో చెప్పలేదా?"

"లేదు మేడమ్. ఎక్కడికో కూడ చెప్పలే. దోస్తు ఒకడొస్తుండు, పేరు చెప్తే వానికి పరేషాన్ అన్నడు. రెండు డబ్బాల అన్నం కట్టించుకున్నడు. ఒక్కనికి రెండు డబ్బాలెందుకు?"

"రెండు పూటలకేమో."

సంతోషి తల అడ్డంగా ఊపింది. "నాకు గదొక్కటే తెల్వాలె మేడమ్. ఆయన పక్కన ఇంకొకరున్నరా? ఉంటే మరి ఒడ్డుకెందుకు తేలే? ఒక్కడే పోయి సచ్చిండంటే, ఆయన తప్పే అని ఏడ్చి ఊకుంట. నిజం తెల్వకుండ ఎట్ల ఊకోవాలె?"

డోర్కాస్ మాట ఇవ్వలేదు. ఇలాంటి చోట ఇచ్చే మాటలు ఎందుకూ పనికిరావని ఆమెకు అనుభవం. కానీ ఫైలు మాత్రం మూయకూడదనుకుంది.

మల్లేశ్వర్ ఇంటి పక్కనే అతని చిన్నాన్న కొడుకు జగదీశ్ ఇల్లు. మధ్యలో నడుము ఎత్తు గోడ. డోర్కాస్ అటు కూడా వెళ్లింది. జగదీశ్ మంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాడు. ఎయిర్‌పోర్టులో విమానాలకు సామాను ఎక్కించే పని అతనిది. శుక్రవారం నుంచి జ్వరం, డ్యూటీకి పోలేదు. అతని ఫోన్ కూడా ఆ రోజంతా ఇంట్లోనే ఉంది. అది డోర్కాస్ ముందే తెలుసుకుంది.

కబురు వినగానే జగదీశ్ తల్లి రుక్కమ్మ గుండెలు బాదుకుంది.

"మల్లేశ్వర్ నీ కొడుకుని ఎప్పుడన్న చేపలకు తోల్కపోయిండా అవ్వా?"

"నా కొడుకా? వాడు చెర్వు మొఖం కూడ సూడడు బిడ్డా. నీళ్లంటే చిన్నప్పటి సంది భయం వానికి."

వాకిట్లో ఓ పొట్టేలు కట్టేసి ఉంది. బలంగా, నున్నగా ఉంది. వేపమండలు తాపీగా నములుతోంది. డోర్కాస్ దాన్ని చూసింది. చూసి, దాటుకుని వచ్చేసింది.

* * *

దిబ్బ దగ్గర దొరికిన పడవ ఎవరిదో తెలుసుకోవడం కష్టం కాలేదు. గాలి నింపి వాడే కనూ అది, రెండు సీట్లది. ఎయిర్‌పోర్టులోనే పనిచేసే ప్రిన్స్ ఆన్‌లైన్లో కొన్నాడు. బుధవారం పొద్దున్నే పిలిపించారు.

"కనూ నీదేనా?"

"నాదే మేడమ్. అన్న అడిగితే ఇచ్చిన."

"నువ్వు పోయినవా?"

"లేదు మేడమ్. శుక్రవారం డే షిఫ్ట్. గేట్ల పంచ్ ఉంటది, చూసుకోండి."

"ఇంకేమిచ్చినవ్?"

"రెండు తెడ్లు. ఒక లైఫ్ జాకెట్."

"ఒక్కటేనా?"

"రెండోది చినిగింది మేడమ్. ఉన్నదాన్ని నేనే సీటుకు కట్టి ఇచ్చిన. అన్నకు ఈత మస్తుగ వచ్చు. నాకెందుకురా అని నవ్విండు. మళ్ల ఏమనుకున్నడో, ఉండనీ అన్నడు."

డోర్కాస్ పెన్ను పక్కన పెట్టింది.

కనూ దొరికిన తీరు గుర్తొచ్చింది. నీళ్లలో మునిగి ఉన్న పాత చెట్టు మోడు తగిలి అడుగు చీలిపోయి ఉంది. ఒక తెడ్డు దాంట్లోనే ఉంది. రెండోది శవం దగ్గర. జాకెట్ మాత్రం ఎక్కడా లేదు. శవం ఒంటి మీద లేదు. సీటుకు కట్టిన తాడు ఉంది, ఆ తాడును ఎవరో విప్పారు.

ఈత వచ్చినవాడు తాడు విప్పి జాకెట్ ఎవరికి తొడిగాడు?

జవాబులో సగం ఆరాంఘర్‌లో దొరికింది. అక్కడ చేపలు కోసి అమ్మే శివ మీద రెండేళ్ల కిందట అభయారణ్యంలో వల వేశాడని కేసు ఉంది. మల్లేశ్వర్ అతని దగ్గరికి పోయి దారి కనుక్కున్నాడని తెలిసింది. శివ మొదట నాకేం తెలియదన్నాడు. డోర్కాస్ అక్కడి స్టూలు లాక్కుని కూర్చునేసరికి అన్నీ తెలిశాయి.

"దారి చెప్పిన మేడమ్, నిజం. పోలే. శుక్రవారం పొద్దుమూకేదాక ఈడనే ఉన్న. ఎదురు దుకాణం కెమెరా ఉంది."

"ఎవరితోని పోతుండని అడగలేదా?"

"అడిగిన. ఈత రానోడు ఒకడొస్తుండు, లోపలికి దూరం పోకుండ ఒడ్డుకు దగ్గర్నే ఉండే జాగ చెప్పు అన్నడు."

కెమెరా చూశారు. శివ చెప్పింది నిజమే. ప్రిన్స్ పంచ్ కూడా నిజమే.

రెండో మనిషి ఉన్నాడు. ఈత రాదు. పేరు బయటికొస్తే పరేషాన్. ఎయిర్‌పోర్టు పాస్ ఉన్నవాడి మీద ఒక్క పోలీస్ కేసు పడితే పాస్ పోతుంది, పాస్‌తోపాటు ఉద్యోగం. అయితే ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంటికొకరు ఎయిర్‌పోర్టులోనే పనిచేస్తారు. ఈత రానివాళ్లకైతే కొదవే లేదు. జగదీశ్ ముఖం ఆమె కళ్ల ముందు మెదిలింది. కానీ ఫోన్ ఇంట్లో ఉంది, జ్వరం ఉంది, తల్లి సాక్ష్యం ఉంది. ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టడానికి తన దగ్గర అనుమానం తప్ప మరేమీ లేదు.

మధ్యాహ్నం ఆమె అన్నం ముందు కూర్చుంది. ఎదురుగా హెడ్ కానిస్టేబుల్ స్వరాజ్యం టిఫిన్ డబ్బా మూత తీసి ముఖం చిట్లించింది.

"ఆదివారం నుంచి ఇంట్ల మటనే మటన్ మేడమ్. బోనాలు కద. మావోళ్లు ఫ్రిజ్ ఖాళీ అయ్యేదాక ఇదే పెడ్తరు. ఊళ్లళ్ల ఒక్క పొట్టేలు మిగల్లేదనుకో!"

డోర్కాస్ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఒకటి మిగిలింది. ఆమె తన కళ్లతో చూసింది.

ఆదివారం తెగాల్సిన పొట్టేలు మంగళవారం వేపమండలు నములుతోంది. డోర్కాస్‌ది క్రైస్తవ కుటుంబం. నాన్న తోమాసు కందుకూరు దగ్గర వ్యవసాయం చేసేవాడు. వాళ్లింట్లో బోనం ఎత్తరు. కానీ చుట్టూ ఉన్న ఇళ్లన్నీ ఎత్తేవే. పసుపు రాసిన కుండలు, పైన దీపాలు, డప్పులు, ఆమె చిన్నతనమంతా ఆ వరస చూస్తూనే గడిచింది. ఎవరింట్లో బోనం ఎందుకు ఆగుతుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

చెయ్యి కడుక్కుని రెండు ఫోన్లు చేసింది.

మొదటిది జగదీశ్ భార్య సునీత తమ్ముడికి. అతను చెప్పిన దాంట్లో కొత్త ఏమీ లేదు. ఆమె అనుకున్నదే.

రెండోది పోస్ట్‌మార్టమ్ చేసిన డాక్టర్‌కి. ఒక్క ప్రశ్న అడిగింది. ఆయన జవాబు చెప్పాడు, ఇంకో రెండు సంగతులు కూడా చెప్పాడు. ఫోన్ పెట్టేసి డోర్కాస్ బయటికి నడిచి జీపు చాటున నిలబడింది. స్వరాజ్యం నీళ్లు తెచ్చి ఇస్తే తాగలేదు. ఆమె ఏడ్చిందని స్వరాజ్యం తప్ప స్టేషన్లో ఎవరికీ తెలియదు.

* * *

అంత్యక్రియలు బుధవారం సాయంత్రం అయిపోయాయి. గురువారం నాలుగు గంటలకు మల్లేశ్వర్ ఇంటి వాకిట్లో డోర్కాస్ అందరినీ కూర్చోబెట్టింది. ప్రిన్స్, శివ గోడవారగా నిలబడ్డారు. జగదీశ్ గడప పక్కన గొంతుక్కూర్చున్నాడు. రుక్కమ్మ కొడుకు పక్కనే. సంతోషి స్తంభానికి ఆనుకుని నేల చూపులు చూస్తోంది.

డోర్కాస్ కనూ గురించి చెప్పింది. తాడు గురించి, లేని జాకెట్ గురించి చెప్పింది. "ఇద్దరు పోయిండ్రు. రెండో మనిషికి ఈత రాదు. ప్రిన్స్ కాదు, శివ కాదు."

"మా వోనికి జొరమని చెప్తి కద బిడ్డా," అంది రుక్కమ్మ, ఎవరూ అడగకముందే.

"చెప్పినవ్ అవ్వా. అందుకే నిన్నే అడుగుత. ఆదివారం బోనాలైనయి. మీ పొట్టేలెందుకు తెగలే?"

"జొరమొచ్చె కద. పండుగెక్కడిది?"

"బోనం ఎత్తేది ఎవరు? జగదీశా?"

"కాదు. కోడలు."

"సునీతకు జొరమా?"

"కాదు."

"ఇంట్ల జొరమొస్తే బోనం ఆపుతరా, ఇంకింత మొక్కి ఎత్తుతరా? జొరాలు తగ్గాలనే కద అమ్మవారికి బోనం?"

రుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"శనివారం పొద్దున ఏడింటికి సునీత తమ్మునికి మీ ఇంటి నుంచి ఫోన్ పోయింది. పండుగకు రాకుండ్రి, బోనం ఎత్తుతలేం అని. ఎందుకంటే, మా అత్త వద్దన్నదని సునీత చెప్పింది. నలుగురిని పిలుచుకొని, పొట్టేలు తెచ్చుకొని, తెల్లారి పండుగంటే బోనం ఎందుకాపుతరు అవ్వా? నేను బోనమెత్తే ఇంట్ల పుట్టలేదు. నువ్వే చెప్పు."

పైన ఓ విమానం చక్రాలు దించుకుని చాలా కిందుగా పోయింది. ఆ చప్పుడు తగ్గే దాకా డోర్కాస్ ఆగింది.

"పాలోళ్లల్ల, ఒక్క వంశపోళ్లల్ల చావైతే ఆపుతరు. మైల ఇంటి నుంచి అమ్మవారికి బోనం పోవద్దు. అంతే కద? మల్లేశ్వర్ కనిపిస్తలేడని సంతోషి మా దగ్గరికి వచ్చిందే శనివారం సాయంత్రం. శవం కనిపించింది మంగళవారం. మరి శనివారం పొద్దున్నే మీ పాలోళ్లల్ల ఎవరు సచ్చిపోయిండ్రు అవ్వా?"

కొడుకు కోసం పోలీసుల ముందు అబద్ధమాడిన తల్లి, అమ్మవారి ముందు ఆడలేకపోయింది. దొరికిపోయింది అక్కడే.

సంతోషి మెల్లగా తలెత్తింది. "నేను ఎత్తిన," అంది. "ఆదివారం నేను బోనమెత్తిన. ఆయన మంచిగ రావాలని. నువ్వు గోడ అవుతల నిలబడి చూసినవ్ జగదీశ్."

జగదీశ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

"మోడు తగిలింది వదినె. బోల్తా పడ్డం. అన్న నీళ్లళ్లకెళ్లి లేవనే లేవలే. జాకెట్ ముందే నాకేసిండు. నేను తేలుకుంట ఒడ్డుకు కొట్టుకొచ్చిన. నాలుగుసార్లు పిలిచిన. పలకలే. సచ్చిపోయిండనుకున్న. ఎవరికన్న చెప్తే కేసైతది, పాస్ పోతది, నౌకరి పోతది... జాకెట్ పొదలల్ల పారేసి, రోడ్డెక్కి, బస్సుల వచ్చిన. రాత్రి అమ్మకు చెప్పిన. అమ్మ ఒక్కదానికే ఎరుక..."

"సచ్చినోడు ఎట్లన్న సచ్చిండు, బతికున్నోడన్న బతకాలె అన్న బిడ్డా," అంది రుక్కమ్మ. "గంతే అన్న."

ప్రిన్స్ అటు తిరిగి నిలబడ్డాడు. డోర్కాస్‌కు ఇక్కడితో ఆపేయాలనిపించింది. నిజంగా అనిపించింది. కానీ సంతోషి అడిగింది సగం నిజం కాదు.

"జగదీశ్, ఆ శుక్రవారం మీ అన్న చావలేదు."

అతను అర్థం కానట్టు చూశాడు.

"డాక్టర్ చెప్పిండు. ఊపిరితిత్తులల్ల నీళ్లు లేవు. తొడ ఎముక విరిగింది, తలకు దెబ్బ తాకింది. నువ్వు పిలిచినప్పుడు కనూ చాటున దాని మీద వాలి స్పృహ తప్పి ఉన్నడేమో. తర్వాత లేచిండు. ఎట్ల పాకిండో ఆ దిబ్బ ఎక్కిండు. అంగీ చింపి, తెడ్డును కాలుకు కట్టుకున్నడు, ఆ కట్టు ఊడిపోయినా గుర్తులు మిగిలినయి. సచ్చిపోయింది సోమవారం తెల్లారుజామున."

"సోమవారం..." అన్నాడు జగదీశ్.

"నువ్వు శనివారం పొద్దున నోరు తెరిచుంటే, మధ్యాహ్నానికల్ల బోటు పోయేది. సంతోషి బోనమెత్తిన ఆదివారం ఆయన బతికే ఉన్నడు. ఎవరి ఇంట్ల మైల లేదు."

సంతోషి ఏడవలేదు. ఒకటే అడిగింది.

"పిలిచి ఉంటడా మేడమ్?"

"ఉంటడు."

"ఎవర్ని?"

డోర్కాస్ జగదీశ్ వైపు చూసింది. ఆ నీళ్ల మీద మల్లేశ్వర్‌కు తెలిసిన మనిషి ఒక్కడే.

ఈ కేసు కోర్టులో ఎంత దూరం నిలుస్తుందో ఆమెకు తెలుసు. జగదీశ్ నెట్టలేదు, కొట్టలేదు. చనిపోయాడనుకున్నానని లాయరు చెప్పిస్తాడు. ఇంట్లో పాటించిన మైలే అందుకు సాక్ష్యం. తాను కష్టపడి పట్టుకున్న ఆధారమే రేపు అతన్ని కాపాడుతుంది. మహా అయితే అడవిలోకి దొంగతనంగా చొరబడ్డ నేరం, సమాచారం దాచిన నేరం. పాస్ మాత్రం పోతుంది. దేనికోసం అన్నను వదిలేసి వచ్చాడో అది ఎలాగూ పోతుంది.

"లే జగదీశ్," అంది.

అతను లేచాడు. రుక్కమ్మ కూడా లేచి, డోర్కాస్ చెయ్యి పట్టుకుంది. రుక్కమ్మ మతి ఎక్కడో ఆగిపోయింది. ముసలి ప్రాణం తనకు తెలిసిన ఒక్క పనిని పట్టుకుని వేలాడుతోంది.

"అయితే బిడ్డా... ఇగ మైల సోమారం నుంచా లెక్క పెట్టాలె? మేం శుక్రారం నుంచి పెట్టినం..."

"మీరేం లెక్క పెట్టకుండ్రి చిన్నత్తమ్మ."

సంతోషి గొంతు గట్టిగా లేదు. వాకిలంతా వినపడింది మాత్రం.

"మీకు మైల లేదు. ఆయన మీకేం కాడు. మీరు మాకు పాలోళ్లు కారు. ఇంటికి పోయి దీపం పెట్టుకోండి. కూరొండుకొని తినుండ్రి."

"అట్లనకు బిడ్డా!" రుక్కమ్మ కేక పెట్టింది. కొడుకును పోలీసులు తీసుకుపోతుంటే పెట్టని కేక అది. "నీ కాల్మొక్కుత. మైల లేదనకు. పదొద్దులు మమ్ముల మైలల కూసోనియ్యి!"

సంతోషి లోపలికి పోయి తలుపు వేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది. రుక్కమ్మ ఆ తలుపు ముందే కూలబడింది, లేపడానికి ఎవరూ ముందుకు రాలేదు. డోర్కాస్ జగదీశ్‌ను జీపు ఎక్కించి, స్టేషన్‌కు పోనిమ్మంది.